ఇద్దరు మహేంద్రతనయలు

ఆంధ్రప్రదేశ్ పటం పరిచి, పై అంచున శ్రీకాకుళం జిల్లా ఒడిశాను ఆనుకునే చోట వెతికితే మహేంద్రతనయ అన్న పేరు రెండుసార్లు కనబడుతుంది. ఒక ఏరు మహేంద్రగిరి నుంచి తూర్పుకు దిగి, సోంపేట పక్కగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది అదే కొండకు అవతలి పక్క దిగి, మెళియాపుట్టి, పాతపట్నం మీదుగా పడమటికి తిరిగి, హిరమండలం దగ్గర వంశధారలో కలిసిపోతుంది. పటం గీసినవాళ్ల పొరపాటేమీ లేదు. రెండూ మహేంద్రతనయలే.

మంగళగిరిలో ఉండే నాకు ఈ సంగతి చాలాకాలం మనసులో మెదులుతూనే ఉంది. మా వైపు నది అంటే కృష్ణ ఒక్కటే. భీమ, తుంగభద్ర, మూసీ, మున్నేరు, ఎవరెక్కడ వచ్చి కలిసినా బెజవాడ చేరేసరికి ఆ పేర్లన్నీ కృష్ణలో అణిగిపోతాయి. బ్యారేజీ దాటాక పులిగడ్డ దగ్గర నది చీలినా, చివరికి ఎన్ని పాయలై సముద్రంలోకి దిగినా అన్నీ కృష్ణే. చివర్లో విడిపోయి ఒకే పేరు నిలుపుకోవడం మాకు అలవాటైన సంగతి. పుట్టుకలోనే ఇద్దరై, ఒకరికొకరు ఎన్నడూ ఎదురుపడకుండా ఒకే పేరుతో బతుకుతున్న నదులు ఎలా ఉంటాయో చూడాలనిపించి, వానలు వెనకపట్టిన కార్తీకంలో విజయవాడలో రాత్రి బండి ఎక్కాను.

హౌరా లైనులో పైకి వెళ్తుంటే గోదావరి తర్వాత నదుల తీరే మారిపోతుంది. శారద, గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార. వంతెనలు చిన్నవి, ఇసుక ఎక్కువ, నీళ్లు ఒక వారగా పోతుంటాయి. ఇవన్నీ తూర్పు కనుమల్లో పుట్టి గబగబా సముద్రానికి దిగే నదులు. వీటిలో పెద్దది వంశధార, కలహండి జిల్లా లాంజిగఢ్ ప్రాంతంలో పుట్టి కళింగపట్నం దాకా దాదాపు 250 కిలోమీటర్లు నడుస్తుంది. కృష్ణ 1,400 కిలోమీటర్ల నది. ఆ కొలతకు అలవాటుపడ్డ కళ్లకు ఇవి వాగుల్లా అనిపించవచ్చు. వీటి ఒడ్డున బతికేవాళ్లకు అలా అనిపించదు.

ఒకే పేరున్న నదులు మన నేల మీద ఇంకా ఉన్నాయి. తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా పోయే స్వర్ణముఖి అందరికీ తెలుసు. సాలూరు కొండల్లో పుట్టి సంగాం దగ్గర నాగావళిలో కలిసే సువర్ణముఖి ఉత్తరాంధ్ర బయట ఎంతమందికి తెలుసో! ఈ రెండిటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇసుకలో మెరుపు చూసి ఎక్కడివాళ్లక్కడ ముచ్చటపడి పెట్టుకున్న పేర్లలా ఉన్నాయి. పినాకినుల కథ వేరు. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి నెల్లూరు మీదుగా పోయేది ఉత్తర పినాకిని, మన పెన్న. అక్కడే పుట్టి కడలూరు వైపు దిగేది దక్షిణ పినాకిని. ఒకే తావున పుట్టారు కాబట్టి ఒకే పేరు వచ్చింది, తికమక లేకుండా ఉత్తర, దక్షిణ అని ముందు తగిలించారు. మహేంద్రతనయలకు ఆ పాటి గుర్తు కూడా ఎవరూ పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో మందస వెళ్లాక తెలిసొచ్చింది. పలాసలో దిగి, జీడిపప్పు బట్టీల వాసన దాటుకుంటూ మందస చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. వాసుదేవ పెరుమాళ్ గుడి దగ్గర నిలబడి చూస్తే పడమటి దిక్కంతా కొండే. 1,501 మీటర్ల ఎత్తు, ఒడిశాలోని పెద్ద శిఖరాల్లో ఒకటి. అంత కొండ సముద్రానికి ఇంత దగ్గరగా నిలబడటం మన తీరంలో అరుదు. శిఖరం నుంచి బారువ ఒడ్డుకు తిన్నగా గీత గీస్తే పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కాళిదాసు రఘువంశంలో ఇందుమతి స్వయంవరానికి వచ్చిన కళింగ రాజును పరిచయం చేస్తూ మహేంద్రగిరికీ మహాసముద్రానికీ కలిపి ఏలిక అంటాడు. మందసలో నిలబడితే అది కవి ఊహగా అనిపించదు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, ఆ మధ్య ఇరుకు నేల మీదే ఊళ్లన్నీ.

ఈ ఊళ్లలో ఎక్కడ నిలబడినా ముందు కంటికి ఆనేది ఆ కొండే. దాని మీద నుంచి నీరు వస్తుంది. ఆ నీటికి పేరేమిటంటే మహేంద్రుడి కూతురు అంటారు. అవతలి పక్క పాతపట్నంలో నిలబడినా అదే కొండ, అదే మాట. మన ఇళ్లల్లో కోడలిని పేరుతో కాకుండా పుట్టింటి ఊరుతో పిలిచే వాడుక ఉంది కదా, పొందూరు అత్త, బందరు పిన్ని అని, అలాంటి పిలుపు ఇది. మహేంద్రతనయ అన్న మాటలో నది రంగు లేదు, రుచి లేదు, పరుగు లేదు. ఏ ఇంటి పిల్లో చెబుతుంది, అంతే. తూర్పు ఊళ్లవాళ్లకు వాళ్ల కూతురు కనబడింది, పడమటి ఊళ్లవాళ్లకు వాళ్ల కూతురు. మధ్యలో కొండ అడ్డు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే చోటు పటం వచ్చేదాకా ఎవరికీ లేదు. ఇక ముందు ఒక అక్షరం తగిలించి విడదీయాలని ఎవరికి తోస్తుంది?

పురాణాలు కూడా నదులను ఇలాగే లెక్కపెట్టాయి. ఏడు కులపర్వతాల్లో మహేంద్రం ఒకటి. ఫలానా నదులు ఫలానా పర్వతానివి అని చెబుతూ ఋషికుల్య, లాంగులిని, వంశధారలను మహేంద్రం పద్దులో రాశారు. లాంగులిని అంటే మన నాగావళి. నాగావళి, వంశధారలు ఈ శిఖరం మీద పుట్టినవి కావని ఇప్పుడు మనకు తెలుసు. పాతవాళ్ల లెక్కలో మహేంద్రం ఒక్క శిఖరం కాదు, కళింగం వెన్నంటి ఉన్న కొండల వరస మొత్తం. ఆ లెక్కన ఉత్తరాంధ్ర పెద్ద నదులన్నీ అక్కచెల్లెళ్లే. ఆ కొండకు కూడా తన పేరుతోనే ఇంకొకరున్నారు. తమిళనాడు దక్షిణ కొసన ఇస్రో రాకెట్ ఇంజన్లను పరీక్షించే చోటు పేరూ మహేంద్రగిరే. హనుమంతుడు లంకకు ఎగిరింది ఆ మహేంద్రం మీద నుంచి అంటారు. పరశురాముడు తపస్సు చేసుకుంటున్నది ఈ మహేంద్రం మీద అని ఇక్కడివాళ్ల నమ్మకం.

బారువ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఒకప్పుడు పడవలు సరుకులు దింపిన రేవు ఇది. ఇప్పుడు దీపస్తంభం, కొబ్బరి తోటలు, ఇసుక మీద బోర్లించిన పడవలు. ఏరు సముద్రాన్ని తాకే ముందు వెడల్పయి, నడక మానేసి, చెరువులా నిలబడింది. మొగ దగ్గర ఇసుక దిబ్బ అడ్డం పడి, ఒక మూల నాలుగు బారల సందు మిగిలింది. ఆ సందులోంచి ఏటి నీళ్లు బయటికి జారుతుంటే, ప్రతి పెద్ద అలకూ సముద్రం లోపలికి వస్తోంది. రెండు నీళ్లూ తగిలిన చోట నురుగు గీతలా నిలబడి, అటు జరుగుతూ ఇటు జరుగుతూ ఉంది. ఏటి వైపు నీళ్లు టీ రంగులో, అడుగున ఆకులు కనబడేంత తేటగా ఉన్నాయి. కొండ మట్టి ఎక్కడో దారిలోనే దిగిపోయినట్టుంది.

పడవ నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నన్ను కాసేపు గమనించి పలకరించాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

మంగళగిరి అన్నాను.

"పానకాల సామి ఊరా! అంత దూరం నుండొచ్చి ఈ యేరు సూడ్డానికా?"

మెళియాపుట్టి దగ్గర ఇదే పేరుతో ఇంకో ఏరుంది కదా తాతా, అది చూశారా అని అడిగాను.

"ఉందని ఇన్నాను. అది వంశధార్లోకి పోద్దంట. మా యేరు ఇంకో ఏట్లో కలవదు బాబూ. తిన్నగా సంద్రంలోకే."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. నిజమే మరి. పెద్ద నదిలో కలిసిన ఉపనది పేరు ఆ కలిసిన చోటనే ఆగిపోతుంది. ఎంత చిన్నదైనా నేరుగా సముద్రాన్ని చేరిన నదికి చివరి అడుగు దాకా తన పేరు తనదే.

ఆ చిన్న ఏరు ఎంత పని చేయగలదో 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తెలిసింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొండలకు తగిలింది. ఆ కొండల మీద పడ్డ వాన సముద్రం చేరడానికి ఎంత దూరం పోవాలి? అందుకే ఇక్కడ వరద గంటల్లో వస్తుంది, గంటల్లో పోతుంది. ఎగువ నుంచి కబురు వచ్చి, గేట్లు ఎత్తి, లంకల్లో దండోరా వేయించేంత వ్యవధి కృష్ణ మాకు ఇస్తుంది. ఇక్కడివాళ్లకు ఆ వ్యవధి ఉండదు. బాహుదా, వంశధార, రెండు మహేంద్రతనయలు ఒకేసారి పొంగాయి. గజపతి జిల్లాలో కొండచరియ విరిగి జనం చనిపోయారు. ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకూలాయి. తుపాను ముందు పెట్టిన చెట్లకూ తర్వాత నాటిన మొక్కలకూ తేడా కారులో పోతున్నా తెలుస్తుంది. వాలిపోయిన మొదళ్ల మధ్య భుజం ఎత్తు చెట్లు వరసగా ఉన్నాయి.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. చూపుకు ఇప్పటికీ తోటే. కానీ ఈ తోటల్లో కిడ్నీలు పాడైనవాళ్లు లేని వీధి లేదేమో అనిపిస్తుంది. అసలు కారణం ఇదీ అని దశాబ్దాలుగా ఎవరూ తేల్చలేకపోయారు. నేలలోని నీళ్లను నమ్మలేక, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఇక్కడికి తెచ్చారు. 2023 డిసెంబరులో ఆ పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాయి. సోంపేటకు ఇంకో గాయం కూడా ఉంది. కొండ నీళ్లు నిలిచే ఇక్కడి చిత్తడి నేలను బీల అంటారు. ఆ బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడితే 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. బీల ఇంకా బీలగానే ఉంది. కొంగలు, తుంగ, చేపల మాట్లు.

రెండో కూతురి కోసం నౌపడ వెళ్లి గుణుపూర్ లైను పట్టుకున్నాను. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన బుల్లి రైలు దారి ఇది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. టెక్కలి దాటాక కొండలు రెండు పక్కలా దగ్గరవుతాయి. పాతపట్నం ఆంధ్ర, ఆ పక్కనే పర్లాకిమిడి ఒడిశా. దుకాణం బోర్డుల మీద లిపి మారుతుంది. బేరాల్లో భాష అంత తొందరగా మారదు. పాతపట్నంలో నీలమణి దుర్గ గుడికి రెండు రాష్ట్రాల వాళ్లూ వస్తారు.

ఈ గీత 1936 ఏప్రిల్ 1న పడింది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి గారు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపింది ఆ ఊళ్లోనే. పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున, 1863 ఆగస్టు 29న. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునే రోజు అదే. పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెబుతూ, కొండ దిగి సంతకు వచ్చే సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, వాళ్లకు బడులు పెట్టించి, వ్యాకరణం, నిఘంటువులు తయారుచేశారు. తెలుగు మాట్లాడేవాళ్ల పట్ల అన్యాయం జరిగిందని బాధపడి, ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో పోయారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనకు బాగా గుర్తుంది. మహేంద్రగిరి మీది మనుషుల భాషకు చేసిన సేవ గుర్తున్నవాళ్లు తక్కువ. నాకు ఆ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. ఎవరి మాట వాళ్లు మాట్లాడుతుంటే కాగితం మీద పెట్టడమే రెండు చోట్లా ఆయన చేసింది.

కొండ మీదికి దారి ఒడిశా వైపు నుంచి, కొయిన్‌పూర్ మీదుగా. జీపు మలుపు మలుపుకూ చలి పెంచుకుంటూ పోయింది. పైన మూడు గుళ్లు ప్రసిద్ధం, కుంతి, యుధిష్ఠిరుడు, భీముడి పేర్లతో. శివరాత్రికి వేల మంది ఎక్కుతారు. మిగతా రోజుల్లో గాలి, మంచు, గొడ్లు కాచే పిల్లలు. భీముడి గుడి అన్నిటికంటే ఎత్తున ఉంది. మనిషి చేతులు చాచినా అందనంత రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. సున్నం జాడ కనబడదు. రాయి రాయికి మధ్య అతుకులో నాచు పట్టి, ఆ నాచు చివర నీటి బొట్లు వేలాడుతున్నాయి. వాన లేదు. మబ్బే వచ్చి ఆ రాళ్లకు తగిలి నీరవుతోంది. గుడి చుట్టూ గడ్డి మీద అడుగు వేస్తే చెప్పు కింద నీళ్లు ఊరాయి. ఏ ఊట తూర్పుకు పోతుందో ఏది పడమటికి పోతుందో నడిచి తేల్చుకోవాలని చూశాను గాని, పది బారలు పోయేసరికి మంచులో దారే కనబడలేదు. నాకు తోడొచ్చిన సవర కుర్రాడు రెండు చేతులూ రెండు దిక్కులకు చాచి, "ఇటూ పోతాది, అటూ పోతాది" అన్నాడు. అంతకన్నా కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ఈ శిఖరం మీద రాజులందరికీ మక్కువే. సముద్రగుప్తుడి ప్రయాగ శాసనంలో ఈ పేరుంది. రాజేంద్ర చోళుడి కాలంలో సైన్యం ఇంత దూరం వచ్చి విజయస్తంభం నాటిందని ఇక్కడి శాసనమే చెబుతుంది. ఆ వచ్చినవాళ్లకు కొండ ఒక గెలుపు గుర్తు. అయిదో శతాబ్దం చివర్లో మొదలైన తూర్పు గంగ రాజులకు మాత్రం ఇది ఇంటి దేవుడి నెలవు. మహేంద్ర శిఖరం మీది గోకర్ణేశ్వరుడిని కొలిచామని వాళ్ల తామ్రశాసనాలు తరతరాలుగా చెప్పుకున్నాయి. కొండను అంతగా నెత్తిన పెట్టుకున్న వంశం ఏలిన చోట, ఆ కొండ నీళ్లకు మహేంద్రతనయ అన్న సంస్కృతం పేరు నిలవడంలో ఆశ్చర్యం ఏముంది? సవరలు అంతకుముందు నుంచే ఆ నీళ్లు తాగుతున్నారు. వాళ్ల పిలుపు పటాల మీదికి రాలేదు. రాజుల పిలుపు వచ్చింది.

కొండ దిగాక మెళియాపుట్టి మండలం చాపర వెళ్లాను. పడమటి మహేంద్రతనయ వరద నీటిని ఇక్కడ మళ్లించి, రేగులపాడు దగ్గర జలాశయంలో నింపి, పలాస, టెక్కలి వైపు మెట్ట పొలాలకు ఇవ్వాలని 2008లో ఆఫ్‌షోర్ పథకానికి శంకుస్థాపన చేశారు. పేరు ఆఫ్‌షోర్ అని ఉంది గాని సముద్రంతో సంబంధం లేదు, నదికి దూరంగా కట్టే జలాశయమని అర్థం. రైతులు ఆ మాటను తెలుగు మాటలాగే పలుకుతారు. ఏళ్లు గడిచినా నీళ్లు అందలేదని అడిగినవాళ్లందరూ చెప్పారు. వంశధార పంపకాల మీద ట్రిబ్యునల్ 2010లో ఏర్పడి 2017లో తీర్పు చెప్పింది. ఇంత చిన్న నదుల మీద ఇంత పెద్ద తగవులా అని డెల్టాలో అనుకుంటాం. మూడు పంటలకు కాలువ నీళ్లు చూసిన నేల మీద పుట్టిన నాకు, ఒక్క తడి కోసం పదేళ్లుగా కాలువ గట్టు వైపు చూస్తున్న రైతు ముందు నిలబడ్డాక ఆ మాట నోట రాదు.

హిరమండలం దగ్గర, గొట్టా బ్యారేజీ పరిసరాల్లో, పడమటి మహేంద్రతనయ వంశధారలో కలుస్తుంది. అక్కడి నుంచి ఆమెకు వేరే పేరు లేదు. అయినా ఆ నీళ్లు ఇంకా కొద్ది దూరం పోయి ముఖలింగం గట్టును ఒరుసుకుంటాయి. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు ఉన్న ఊరు. గంగ రాజుల కళింగనగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల నిర్ణయం. మధుకేశ్వరాలయం గోడల మీది శాసనాలు చదువుతూ గిడుగు వారు గడిపిన చోటు కూడా ఇదే. ఎక్కడో ఎత్తున గోకర్ణేశ్వరుడిని కొలిచి, ఆ కొండ నీళ్లు కలిసిన నది ఒడ్డున రాజధాని పెట్టుకున్నారు. అనంతవర్మ చోడగంగ రాజధానిని ఉత్తరానికి, కటకం వైపు మార్చేదాకా వాళ్లు తాగిన నీళ్లలో మహేంద్రతనయ వంతు ఉంది.

తూర్పు కూతురిని చూసినప్పుడూ పడమటి కూతురిని చూసినప్పుడూ ఒక సంగతి నన్ను బాధపెట్టింది. జాతీయ రహదారి మీది వంతెనకూ, పాతపట్నం దారిలో వంతెనకూ ఒకే పేరు. ఏ కొండ నుంచి వస్తోంది, ఎక్కడ కలుస్తోంది అన్న ఒక్క ముక్క నాకెక్కడా కనబడలేదు. దీన్ని చిన్న విషయమని నేను అనుకోను. తుపాను రాత్రి మహేంద్రతనయకు వరద అని టీవీలో వార్త వస్తే సోంపేట వాళ్లు లేచి కూర్చోవాలా, మెళియాపుట్టి వాళ్లా? బెజవాడలో ఉద్యోగం చేసుకుంటున్న బారువ పిల్లవాడు ఇంటికి ఫోన్ చేయాలా వద్దా? పేరు మార్చమని అడగడం లేదు, ఆ పేరు ఇద్దరికీ న్యాయంగా వచ్చింది. పెన్నకు ఉత్తర, దక్షిణ అని తగిలించినట్టు, బోర్డు మీదా వరద ప్రకటనల్లోనూ బారువ మహేంద్రతనయ, వంశధార మహేంద్రతనయ అని రాస్తే చాలు. ముఖలింగం నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో పక్క సీటులో కూర్చున్న మాస్టారితో ఈ మాటే అన్నాను. ఆయన తన సంచిలోంచి పదో తరగతి కాపీ పుస్తకం తీసి, వెనక అట్ట మీద రెండు నదులనూ గీసి, పిల్లలకు రేపే చెబుతానన్నారు. తూర్పు గీతను మాత్రం గీయబోయి, సోంపేటకు ఏ పక్కన పోతుందండీ అని నన్నే అడిగారు.